కాలిబాటకు తాళం

పాలాయన గేటు తాళం మీదికి సుత్తి ఎత్తినా తోటాయన కుర్చీలోంచి లేవలేదు.

"కొట్టు బాబాయ్. ఒక్కడివే వచ్చావేం?"

"వస్తున్నారు," అని పాలాయన సుత్తి దించాడు.

కాయలు తెంపుతున్నారని సాకు చెప్పి తోటాయన తన తోటలోంచి పోయే కాలిబాటకు అడ్డంగా గేటు పెట్టాడు. తెల్లారగానే అందరూ కలిసి వెళ్లి తాళం పగలగొట్టాలని నిన్న సాయంత్రం పాలాయన వాకిట్లో ఊరంతా ఒక్కమాట మీదికి వచ్చింది. అందరికంటే గట్టిగా అరిచింది దర్జీ. ఆ బాటన ఎదురుపడితేనే కదా ఎవరింట్లో జ్వరమో, ఎవరి గేదె ఈనిందో తెలిసేది. గేటు పడ్డాక అవతలి వీధి ముసలామెను పలకరించే దిక్కు లేదు. చుట్టు తిరిగి రోడ్డెక్కేసరికి పాలాయన పాలు విరిగిపోతున్నాయి.

దూరంగా దర్జీ కనిపించాడు. పాలాయనకు ప్రాణం లేచొచ్చింది. దర్జీ తల వంచుకుని వచ్చి, జేబులోని తాళంచెవితో తాళం తీసి, గేటు దాటి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి మళ్లీ తాళం వేశాడు.

"ఏమిటిది బావా?"

"కొట్టు తెరవాలి బావా. ఏమనుకోకు."

తోటాయన చిన్నగా నవ్వాడు. నిన్న నీ వాకిట్లోంచి లేచినవాళ్లు అటునుంచి అటే నా దగ్గరికొచ్చారని, నీతో రామని మాటిచ్చిన ఇంటికల్లా ఒక తాళంచెవి ఇచ్చానని నిదానంగా చెప్పాడు.

తర్వాత టీచరమ్మ వచ్చింది. ఆ వెనకే కుండలావిడ, వడ్రంగి. ఎవరి తాళంచెవి వాళ్లది. ఒక్కరూ కళ్లెత్తి చూడలేదు.

"ఇచ్చినాయన రేపు వెనక్కి ఇమ్మంటే ఏం చేస్తారు?" అని పాలాయన వాళ్ల వీపులను అడిగాడు. నిన్నటిదాకా కాళ్లున్న ప్రతివాడిదీ ఆ బాట. ఇవాళ అది తోటాయన దయ. ఆ మాట వినడానికి ఎవరూ ఆగలేదు.

అంతలో పాలాయన భార్య గబగబా వస్తూ కనిపించింది. అతని కళ్లు చెమర్చాయి. ఊరు రాకపోతే పోయింది, ఈమె వచ్చింది, ఇద్దరం చాలు అనుకున్నాడు. సుత్తి మళ్లీ పైకెత్తాడు.

ఆమె వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగవయ్యా, పగలగొట్టకు. కొత్త తాళం వేశారంటే మన తాళంచెవి పట్టదు," అంటూ కొంగుముడి విప్పింది.