ఎవరూ వినని నాలుగో భాగం

"నా సంగీతం మధ్యలో లేచిపోయే మొనగాడు వియన్నాలో ఇంకా పుట్టలేదు!" అన్నాడు అన్సెల్మ్ మరదలు హెర్మీన్ చెవిలో. తోలుసంచి ఒళ్ళో భద్రంగా పెట్టుకుని మరీ అన్నాడు.

వేదిక మీద ఆయన నాలుగు భాగాల సింఫనీలో మూడో భాగం అప్పుడే ముగిసింది. ఆ మాటన్న నోరు ఇంకా మూతపడలేదు, హాలు హాలంతా లేచి నిలబడింది. చప్పట్ల కోసం కాదు, చలికోట్ల కోసం.

"పుట్టేశారు బావా. అందరూ ఒకేసారి," అంది హెర్మీన్.

రాత్రి పది కొట్టిందంటే వియన్నాలో ప్రతి వీధితలుపుకీ తాళం పడుతుంది. అద్దెకున్నవాళ్ళకి తాళంచెవి ఇవ్వరు, అది కాపలావాడి నడుముకే వేలాడుతుంది. ఆలస్యమైతే గంట కొట్టి, చలిలో వణికి, వాడు చెప్పులీడ్చుకుంటూ వచ్చేదాకా ఆగి, చేతిలో చిల్లర పెట్టాలి. అన్నిటికీ మించి వాడి ముఖం చూడాలి. చక్రవర్తిగారి ఫిరంగుల ముందు నిలబడ్డ మీసాల సేనాపతులు కూడా ఆ ముఖం ముందు నిలబడలేరు.

వాద్యబృందం వాళ్ళకి మాత్రం ఇళ్ళు లేవా? బాకాలవాళ్ళు అప్పటికే మెట్లు దిగేశారు. అందరికంటే పెద్ద వాయిద్యం ఉన్న ముసలాయన దాన్ని వీపున వేసుకుని, వీధి చివర గుర్రబ్బండిని కూడా దాటేశాడు.

"చూశావా? నా నాలుగో భాగాన్ని చంపింది విమర్శకులు కాదు, కాపలావాళ్ళు!" అన్నాడు అన్సెల్మ్, ఖాళీ కుర్చీలకి సంచి చూపిస్తూ. నాలుగో భాగం కాగితాలు ఆ సంచిలోనే ఉన్నాయంటాడు. సాధనకి ముందే ఇస్తే ఎవడో ఒకడు రాగం కొట్టేస్తాడని ఆయన భయం. "మనవాళ్ళు చూడగానే వాయించేస్తారు. విరామంలో పంచితే చాలు," అనేవాడు. ఆ విరామంలోనే హాలు ఖాళీ అయ్యేది.

ఏటా ఇదే తంతు.

"మూడో భాగం కాస్త కుదించండి బావా," అని హెర్మీన్ ఎన్నిసార్లు బతిమాలిందో. ఆయన ఇంటికెళ్ళి దానికి ఇంకో పావుగంట చేర్చేవాడు. ఇప్పుడది ఎంత పొడుగైందంటే, మొదట్లో కూర్చున్నవాడికి చివరికొచ్చేసరికి గడ్డం మాసేది. పోయినేడు ఆవిడ ఎలాగో కచేరీ సాయంత్రం ఆరింటికే మొదలెట్టించింది. అన్సెల్మ్ రెండో భాగం మూడుసార్లు వాయించమన్నాడు. మధ్యలో లేచి నాలుగు దిక్కులకీ వంగి దండాలు పెట్టాడు. అవి చాలక హాలు స్తంభాలకి కూడా పెట్టాడు. పది కానే అయింది.

ఈసారి హెర్మీన్‌కి ఏడుపొచ్చింది. ఆవిడ పట్టుదలంతా ఆ నాలుగో భాగం మీదే. చనిపోయిన అక్క జోసెఫా వంటింట్లో పిండి కలుపుతూ ఒక కూనిరాగం తీసేది. దాన్నే ఆఖర్న పెట్టానని బావ చెప్పాడు.

వారం తిరక్కుండా ఆవిడ విజయగర్వంతో బావ ఇంటికొచ్చింది. అన్సెల్మ్ సూపు ముందు కూర్చుని ఉన్నాడు. సంచి పక్క కుర్చీలో ఉంది.

"ఒప్పించాను బావా! ఈ ఆదివారం పట్టపగలు పన్నెండింటికి కచేరీ. ఊళ్ళో తలుపులన్నీ బార్లా తెరిచే ఉంటాయి. మీ వాకిలి కాపలా వావ్రా కూడా వస్తున్నాడు, పెళ్ళాంతో సహా."

చెంచా సూపులో మునిగిపోయింది.

"పన్నెండింటికా? జనం ఆకలితో ఉంటారు."

"తినే వస్తారు."

"తింటే నిద్రపోతారు."

"మూడో భాగంలో పడుకుని నాలుగో భాగానికి తాజాగా లేస్తారు."

"వెలుతుర్లో దుఃఖం పండదు హెర్మీన్."

"తెరలు దింపిస్తాను."

"తెరలు దింపితే ఉక్కపోస్తుంది."

"ఇది నవంబరు!"

అన్సెల్మ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "అసలు ముగింపు అనేది వాయించేస్తే ఇంకేం మిగులుతుంది?"

"మీకేం కావాలి బావా? నాకు అర్థం కావట్లేదు," హెర్మీన్ గొంతు పెరిగింది. "పదింటి తాళాన్ని తిట్టారు, ఆ తాళమే లేకుండా చేశాను. పొద్దున అక్క రాగం గుర్తు తెచ్చుకోబోతే మొదటి ముక్క దాటి రాలేదు. మర్చిపోతున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వినిపించండి చాలు. తర్వాత మీ సింఫనీని పొయ్యిలో పెట్టుకోండి."

ఆయన కిటికీ అద్దాన్ని చొక్కా చేతితో తుడవసాగాడు.

"బృందం వాళ్ళు కాగితాలు అడుగుతున్నారు. ఈసారి సాధన చేసే వాయిస్తారట. సంచి ఇవ్వండి."

"ఇవ్వను."

ఆవిడ సంచి అందుకుంది. ఆయన పరుగున వచ్చి రెండో పిడి పట్టుకున్నాడు. తలలు నెరిసిన ఇద్దరూ బల్ల చుట్టూ గిరగిరా తిరిగారు. సూపు ఒలికింది. కుర్చీ పడింది. కింది వాటావాళ్ళు చీపురు కర్రతో పైకప్పు పొడిచారు.

ఉన్నట్టుండి అన్సెల్మ్ పిడి వదిలేశాడు. పడిన కుర్చీ నిలబెట్టి, దాని మీద కూలబడ్డాడు. కొక్కేనికి ఇంకా జోసెఫా వంటగుడ్డ వేలాడుతోంది. దాన్నే చూస్తూ, "దేవుడు ఆ వావ్రాని చల్లగా చూడాలి," అన్నాడు.

"ఎవరిని? రాత్రీ పగలూ మీరు శాపనార్థాలు పెట్టే ఆ కాపలావాణ్ణా?"

"వాణ్ణే. ఇన్నేళ్ళూ నా పరువు కాపాడింది వాడే."

"అదేంటి బావా?"

"నాలుగో భాగం నేనింకా రాయలేదు."