తాళంచెవి

"తాళంచెవి ఎక్కడ పెట్టావు?" అని వడ్రంగి తన తమ్ముడి భార్యను మళ్ళీ అడిగాడు.

"నా దగ్గర లేదు బావగారూ."

అమ్మ పోయి వారం కాలేదు. ఆమె గదిలో ఉన్న చెక్క బీరువా ఎంత లాగినా తెరుచుకోవడం లేదు. అమ్మ గొలుసు అందులోనే ఉండాలి. ఆఖరి రోజుల్లో ఆ గదిలో మసలింది మరదలొక్కతే. ఇంకేం కావాలి, వడ్రంగి మనసులోనే తీర్పు చెప్పేసుకున్నాడు.

"అత్తయ్య ఆ బీరువాకి అసలు తాళమే..."

"కథలు చెప్పకు. నా చేత్తో చేసిన బీరువా అది. తాళం వేయకపోతే చిటికెనవేలితో తీయొచ్చు."

ఇవి ఉత్త గొప్పలు కావు. ఆయన బిగించిన తలుపు కిర్రుమనదని, పట్టేయదని నలుగురూ చెప్పుకుంటారు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

"పోనీలే అన్నయ్యా, తర్వాత చూద్దాం," అని తమ్ముడు నసిగాడు.

"తర్వాతా? ఈలోపు గొలుసుకి కాళ్ళొస్తాయి."

గుమ్మం బయట కుర్చీలో కూర్చున్న పెద్దమ్మకు ఇలాంటప్పుడు ఊరుకోవడం చేతకాదు.

"ముందు ఆ పిల్ల సంచీ చూడండ్రా. పొద్దుట్నుంచీ చంకలోంచి దించలేదు."

మరదలు మొగుడి వైపు చూసింది. అతను గుమ్మం దగ్గర నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. ఆమె సంచీని మంచం మీద బోర్లించింది. దువ్వెన, చేతిరుమాలు, తలనొప్పి మాత్రలు, సగం అరిగిన సబ్బు ముక్క.

"సబ్బు ముక్క కూడా వదల్లేదు మహాతల్లి," అంది పెద్దమ్మ.

వడ్రంగి ఉలి ఆనించి సుత్తితో గట్టిగా కొట్టాడు. తాళం చెక్కపేళ్ళతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. చూస్తే దాని గడియ లోపలికే ఉంది. బీరువాకి తాళం వేసే లేదు. అయినా తలుపు కదల్లేదు.

ఆయన అయోమయంగా చూస్తుండగా, మరదలు మిగతావాళ్ళకు కనిపించకుండా అడ్డంగా వచ్చి నిలబడింది. తలుపు అడుగున పాదం ఆనించి, పిడి పైకెత్తి లాగింది. తలుపు వచ్చేసింది. లోపల గొలుసు కొక్కేనికి వేలాడుతోంది.

ఆయన చూపు గొలుసు మీద లేదు. తలుపు కింది అంచు తేమకు ఉబ్బిపోయి ఉంది. దాని పొడుగునా సబ్బు రుద్దిన తెల్లటి చార.

"ఎన్నాళ్ళ నుంచి?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"పోయిన వానాకాలం నుంచి."

"నాకు చెప్పాలి కదమ్మా."

"అత్తయ్య వద్దంది. నలుగురిలో మీ పనికి వంక పెడితే మీరు తట్టుకోలేరంది. అందరూ వెళ్ళాక మీకొక్కరికే చూపిద్దామనుకున్నాను," అని ఆమె కూడా గుసగుసగానే చెప్పింది.

సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. చిన్నదైనా సరే, ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. అందరి ముందూ ఉన్నమాట చెప్పేయాలనుకుని గుమ్మం వైపు తిరిగాడు.

"ఏరా, గొలుసు దొరికిందా?" అంది బయటినుంచి పెద్దమ్మ.

"దొరికింది పెద్దమ్మా."

"మరి తాళంచెవి?"

మరదలు దువ్వెన, సబ్బు ముక్క ఏరి సంచీలో వేసుకుంటోంది. వడ్రంగి ఆ తలుపును కాలితో నెమ్మదిగా మూసేశాడు.

"తనింకా ఇవ్వలేదు పెద్దమ్మా," అన్నాడు.