ముడుపు

బుల్లబ్బాయి వేసిన ముడిని సముద్రం కూడా విప్పలేదని పల్లెలో అనేవారు. ఉప్పెన ఇళ్లలోకి వచ్చిన ఆ మధ్యాహ్నం అతను కూడా ఆ మాటనే నమ్ముకున్నాడు.

మొలలోతు నీళ్లలో భార్య అచ్చాయమ్మను తాడిచెట్టుకు ఆనించి, నడుం చుట్టూ వలతాడు బిగించాడు. ఆమె చేతుల్లోని పసిపిల్లనూ కట్టబోయాడు.

"దీన్ని కట్టకు మావా. అంతర్వేది నరసింహస్వామికి ముడుపు కట్టి కన్న పిల్ల. ఆయన సొత్తు మీద నీ ముడేంటి?"

"ధవళేశ్వరంలో దొరలు గోదారినే కట్టేశారే! ఇద్దరు మనుషుల్ని నేను కట్టలేనా?"

అచ్చాయమ్మ నీళ్లలో కొట్టుకొచ్చిన కొయ్యతొట్టిని దగ్గరికి లాక్కుని పిల్లను అందులో పడుకోబెట్టింది. "స్వామీ, నీదే భారం" అని వదిలేసింది.

"తల్లివేనా నువ్వసలు!" అని అరుస్తూ బుల్లబ్బాయి తొట్టి కోసం చెయ్యి చాపాడు. అంతలో పెద్ద అల వచ్చి అతన్ని ఎత్తుకుపోయింది. తనను కట్టుకోవడానికి అతనికి తాడు మిగల్లేదు.

తెల్లారాక ఇసుకదిబ్బ మీద కళ్లు తెరిచాడు. పక్కనే మొగలిపొదలో చిక్కుకున్న తొట్టిలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. దాన్ని చంకనేసుకుని తాడిచెట్టు దగ్గరికి పరుగెత్తాడు.

నీళ్లు తీసేశాయి. అచ్చాయమ్మ చెట్టుకు ఆనుకుని నిలబడే ఉంది. మాను మీద బురదచార ఆమె తలకు మూరెడు ఎత్తున ఉంది.

పిల్లను ఇసుకలో పడుకోబెట్టి, బుల్లబ్బాయి ముడిని వేళ్లతో గుంజాడు, పళ్లతో లాగాడు.

ఊడలేదు.