ఇంగ్లీషువాళ్ల చీటీ

ఇంగ్లీషు విమానం కిందికంటా దిగి, పొడుగాటి గుడ్డపేలిక కట్టిన సంచినొకదాన్ని జారవిడిచి వెనక్కి మళ్లింది. జర్మన్ తుపాకులు ఒక్కటీ పేలలేదు. తమ వైపు కూలిపడిన శత్రు వైమానికుల కబురు తెచ్చే విమానాన్ని కొట్టకూడదన్న మర్యాద 1917లో కూడా ఫ్లాండర్స్‌లో మిగిలే ఉంది.

మెకానిక్ వెంజెల్ పరుగెత్తి సంచి తెచ్చాడు. వారం క్రితం వెళ్లి తిరిగిరాని విమానాన్ని నడిపింది అతని తమ్ముడు ఫ్రాంజ్. వెనక సీట్లో కూర్చుని శత్రువుల జాడ చూసేవాడు లెఫ్టినెంట్ ఎమిల్. కందకాల్లో ఉంటే చస్తాడని, పట్టుబట్టి తమ్ముణ్ణి విమానాల్లోకి మార్పించింది వెంజెలే. అమ్మకి ఏమని రాయాలో తెలియక వారం నుంచీ అతనికి ముద్ద దిగడం లేదు.

కెప్టెన్ చీటీ చదివాడు. ఎమిల్ చనిపోయాడు, గౌరవంగా పూడ్చాం. రెండోవాడు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు, బతుకుతాడు. అంతే ఉంది.

"ఎమిల్ అంటే ఎవరు సార్?" అన్నాడు వెంజెల్.

అది పిచ్చిప్రశ్నేం కాదు. జర్మన్ దళాల్లో విమానం నడిపే ప్రతివాడూ 'ఎమిల్', వెనక కూర్చునే ప్రతివాడూ 'ఫ్రాంజ్'. తల్లిదండ్రులు ఏ పేరు పెట్టినా సరే, పిలుపు అదే. ఈ ఇద్దరికీ అసలు పేర్లు తారుమారుగా కుదిరాయి, భోజనాల దగ్గర రోజూ అదే నవ్వులాట.

"కాగితాలన్నీ ఇక్కడే వదిలి ఎగిరారు. అంటే బతికినవాడే పేరు చెప్పుంటాడు. శత్రువు ముందు ఎవడైనా ముద్దుపేర్లు చెప్తాడట్రా? పోయింది లెఫ్టినెంటు. నీ తమ్ముడు బతికున్నాడు. పో, మీ అమ్మకి రాయి."

ఆ మాటలో వెంజెల్‌కి తప్పేమీ కనబడలేదు. లెఫ్టినెంటు తండ్రికి కెప్టెన్ సంతాపం రాశాడు, తన తల్లికి వెంజెల్ శుభవార్త రాశాడు. ఒకడి చావు తనకి పండగైనందుకు సిగ్గుపడ్డాడు గానీ, ఆ పూట కడుపునిండా తిన్నాడు. దాచుకున్న పిండంతా ఖర్చుచేసి ఇరుగుపొరుగుకి రొట్టెలు పంచానని తల్లి జవాబు రాసింది.

నెలన్నరకి ఖైదీల శిబిరం నుంచి వెంజెల్ పేరున ఉత్తరం వచ్చింది. దస్తూరీ తమ్ముడిది కాదు. చేతికి దెబ్బ తగిలి ఎవరిచేతనో రాయించి ఉంటాడనుకుంటూ ఆత్రంగా విప్పాడు.

'జ్వరంలో ఒళ్లు తెలియక "ఎమిల్, ఎమిల్" అని పిలుస్తూనే ఉన్నానట. ఇంగ్లీషువాళ్లు అదే రాసుకున్నారు. నాకు తెలివొచ్చేసరికి పూడ్చడం కూడా అయిపోయింది.

మీ తమ్ముడి సిలువ మీద నా పేరుంది.'