కదలని మనిషి

“ఎవడ్రా ఈడు?”

కెమెరాలో ఫొటో చూసి గోవిందరావు గొంతు తగ్గించాడు.

లాంగ్ ఎక్స్‌పోజర్ ఫొటోలు తీయడం ఆయన కొడుకు ఆనంద్‌కుమార్‌కి ఇదే మొదటిసారి. గజపతినగరం బజారులో, తమ బంగారం కొట్టు మేడ మీద స్టాండు వేసి, లెన్సుకి నల్ల ఫిల్టరు తగిలించి, రెండేసి నిమిషాలు ఫొటో తీస్తున్నాడు. వాన వెలిసిన సాయంత్రం. రోడ్డంతా చీలమండ లోతు నీళ్లు.

“అంతసేపట్లో కదిలినవాళ్లు ఫొటోలో ఉండరు నాన్నా. పొగలా కరిగిపోతారు.”

“మరి ఈడు కరగలేదేటి?”

నిజమే. బజారు జనమంతా పొగైపోయారు. కొట్టుకి ఎదురుగా, నడిరోడ్డు మీద, ఒక్కడు మాత్రం రాయిలా స్పష్టంగా ఉన్నాడు. నడుము దాకా బురద. చూపు కొట్టు వైపే.

ముందు తీసిన ఫొటోలోనూ వాడే. అంతకు ముందుదాంట్లోనూ వాడే.

“పోయిన నెల చీపురుపల్లిలో వెండికొట్టు దోచే ముందు ఇలాగే ఒకడు కాపు కాసేడంట. పద!”

పోలీసులకి చూపించడానికి ఆనంద్ ఆ ఫొటోని ఫోన్లోకి ఎక్కించుకుని తండ్రి వెనకే దిగాడు.

“ఇక్కడేటి సూస్తన్నావు?” గద్దించాడు గోవిందరావు.

“ఏటీ నేదు బాబూ. మీరు ఇటు రాకండి.”

“నా కొట్టు ముందరకి నన్నే రావద్దంటావా? నీతో ఇంకెవరున్నారు?”

“మా ఆడమనిషిని పంపినాను. వస్తాది. అందాకా నాను కదల్ను.”

“విన్నావా? ఆడవాళ్లని కూడా దింపేరు!”

పక్క కొట్ల వాళ్లు పోగయ్యారు. గోవిందరావు అతని కాలరు పట్టుకున్నాడు.

“ఒగ్గీండి బాబూ, పెమాదం. ఈ కిందన...”

చెంప పగిలింది.

“బెదిరిస్తన్నాడు కూడానూ!”

నలుగురూ రెక్కలు పట్టి ముందుకు ఈడ్చారు. గిరిబాబు ఆటోలో పడేసి పోలీస్ స్టేషన్‌కి పంపించారు. ఆటో కదిలినా అతను మెడ తిప్పి ఆ చోటునే చూస్తున్నాడు.

“సూడు, ఇంకా మన కొట్టు మీదే కన్ను,” అన్నాడు గోవిందరావు.

ఆనంద్ మేడెక్కాడు. ఇప్పుడు అడ్డు లేదు. మళ్లీ కెమెరా నొక్కాడు.

కింద తండ్రి ఫోన్ మోగింది.

“బాబూ, ఆడు సౌరస్తా కాడ దూకేసినాడు!” అవతల గిరిబాబు.

“ఎటేపు పోయేడు?”

“మీ కొట్టేపే!”

గోవిందరావు కొట్టు తలుపులు దబదబా మూశాడు.

అప్పుడే బజారు మలుపులో ఝాన్సీ స్కూటీ కనిపించింది. ఆనంద్ చెల్లెలు.

ఆమె వెనకాలే అతను. కుంటుతూ, చేతులూపుతూ పరుగెత్తుకొస్తున్నాడు.

“అమ్మా! ఆగమ్మా! ఆగు!”

మేడ మీంచి ఆనంద్ కేకేశాడు.

“ఝాన్సీ, ఆగకే! తొందరగా వచ్చేయ్!”

ఝాన్సీ వెనక్కి చూసింది. బెదిరిపోయింది. వేగం పెంచింది.

ఇందాక అతను నిలబడిన చోటు దాటిందో లేదో, స్కూటీ ముందు చక్రం నీళ్లలో దిగబడింది. ఝాన్సీ తలకిందులుగా పడింది.

లేవలేదు. కనిపించనూ లేదు.

అందరికంటే ముందు అక్కడికి చేరింది అతనే. బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి దించి, జడ పట్టి ఆమెని పైకి లాగాడు.

ఝాన్సీ దగ్గింది. ఊపిరి తీసుకుంది. కుడి కాలు మాత్రం మోకాలి కింద వంకర తిరిగి ఉంది.

గోవిందరావు, “తల్లీ!” అంటూ కూలబడ్డాడు. ఆమెని ఆటో ఎక్కించి విజయనగరం ఆసుపత్రికి పరుగు తీశారు. ఆనంద్ మేడ దిగి వచ్చేసరికే ఆటో వెళ్లిపోయింది.

అతను లేచి మళ్లీ అక్కడే నిలబడ్డాడు.

జనాన్ని తోసుకుంటూ ఒకామె వచ్చింది. ఆమె చేతిలో పెద్ద వేపకొమ్మ, దాని కొసన కట్టిన ఎర్ర గుడ్డ.

“మూతి మీద ఆ రగతమేటి? ఎవలు కొట్టేరు?”

“ముందు కొమ్మ పాతవే,” అన్నాడతను.

ఆనంద్ ఆ కొమ్మకేసి చూశాడు. ఆమే చెప్పింది.

“రోడ్డు కిందన కాలవ మీద పలక ఇరిగిపోనాది బాబూ. నీళ్లలో అవుపడక ఈయనే పడిపోనాడు. కాలు బెణికిపోనాది. ఇంటికి పోదుం రా అంటే ఇన్లేదు. నువ్వు కొమ్మ అట్టుకురా, అందాకా నానుంటానన్నాడు.”

ఆనంద్ ఫోన్ తీసి, పోలీసులకి చూపిద్దామనుకున్న ఆ ఫొటో తెరిచాడు.

జనపు పొగ అతని దగ్గరికి వచ్చి, రెండుగా చీలి, అతని పక్కన కొంతమేర నీళ్లని వదిలి, మళ్లీ కలిసిపోయింది.

ఆ సాయంత్రమంతా ఆ గోతికి మూత ఆ మనిషే.