కడగని కూలర్

"ఏవండీ, ఆ కూలర్ కొత్తదేనాండీ?"

కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని బోల్టు బిగిస్తున్న నాగసతీష్ తల తిప్పి చూశాడు.

షెడ్డు గుమ్మంలో ఒక ముసలాయన. మాసిన పంచె, భుజాన తువ్వాలు. అరచేతులు కాయలు కాసి ఉన్నాయి, గోళ్ళ సందుల్లో నలుపు. ఎవరో పాత మెకానిక్కే, పని మానేసినా సలహాలు మానలేదు అనుకున్నాడు సతీష్.

"కాదండి. విజయవాడలో పాతసామాన్ల కొట్లో కొన్నదండి."

అమలాపురం నల్లవంతెన దగ్గర సతీష్ షెడ్డు. రెండువేల మూడో సంవత్సరం. ఎదురుగా ఉన్నది పాత కాంటెస్సా. దుబాయ్ నుంచి వచ్చిన మణికంఠ దాన్ని కొని, ఎర్రరంగు వేయించి, ఇంజను బలం పెంచమన్నాడు. బలం పెరిగింది, దాంతోపాటు ఇంజనాయిలు కుతకుత ఉడకడం మొదలుపెట్టింది. ఆ ఆయిలును చల్లబరచడానికి బయట బిగించేదే కూలర్. చూడ్డానికి చిన్న రేడియేటరులా ఉంటుంది.

ఆదివారం విశాఖలో కార్ల పోటీ. ఈ కారు గెలిస్తే సతీష్ పేరు నాలుగు ఊళ్ళకి తెలుస్తుంది. గెలవకపోతే మస్కట్ వీసా బీరువాలో ఉండనే ఉంది. భార్య వెంకటదుర్గకి ఏడో నెల. ఆమెను వదిలి వెళ్ళడం సతీష్‌కి చచ్చినా ఇష్టం లేదు.

"పాతదైతే లోపల ఇనపరజను ఉంటాదండి," అన్నాడు ముసలాయన. "విప్పి, కిరసనాయిలుతో నాలుగుసార్లు కడగండి. లేపోతే ఆ రజను ఇంజన్లోకెళ్ళి, నడిరోడ్డు మీద పట్టేస్తాదండి."

"ఆయ్, అలాగేనండి."

అమలాపురం వైపు పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పడం మర్యాద కాదు. ఆయ్ అనేస్తే మర్యాద దక్కుతుంది. ఆ తర్వాత పని మన ఇష్టం.

కడగాలంటే గొట్టాలన్నీ మళ్ళీ విప్పాలి. ఒక పూట పోతుంది. ఎలాగూ బిగించే ముందు ఒకసారి గాలి కొట్టాడు కదా, అది చాల్లే అనుకున్నాడు.

శనివారం పొద్దున్నే ముసలాయన మళ్ళీ దిగాడు. ఈసారి చేతిలో కిరసనాయిలు డబ్బా, సన్నటి బ్రష్షు ఉన్నాయి.

"శివకోడు నుంచి వచ్చేనండి. కడిగేరాండీ? మీకు తీరిక లేపోతే చెప్పండి, నేను కడుగుతాను. గంటలో అయిపోద్దండి."

మణికంఠ అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని హారన్ కొడుతున్నాడు. సతీష్‌కి విసుగొచ్చింది. పెద్దాయన్ని పొమ్మనడానికి నోరు రాలేదు.

"ఆయ్, నిన్ననే కడిగేసేనండి."

"నిజంగానాండీ?"

"ఒట్టండి."

ముసలాయన సతీష్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "చల్లగా ఉండు బాబూ," అని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

"ఎవరండీ బాబూ ఈయన?" అడిగాడు మణికంఠ.

"ఎవరో పాత మెకానిక్కండి. కాస్త చాదస్తం."

ఇద్దరూ నవ్వుకున్నారు.

సతీష్‌ని మర్నాడు బస్సులో రమ్మని మణికంఠ ఒక్కడే విశాఖకి బయల్దేరాడు. కారు తుని కూడా చేరలేదు. హైవే మీద ఇంజను పట్టేసింది. చక్రాలు బిగుసుకుపోయాయి. వెనక వస్తున్న లారీ ఆగలేకపోయింది.

మణికంఠకి ప్రాణం దక్కింది. కుడికాలు దక్కలేదు.

గ్రహచారం అన్నారు అందరూ. ఇంజను విప్పి, ఆయిల్లో తళతళలాడుతున్న రజను చూసిన సతీష్ మాత్రం అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆసుపత్రికి వెళ్ళి మణికంఠకి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మణికంఠ తిట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇక మస్కట్ తప్పలేదు. వెళ్ళేలోగా ఆ ముసలాయన కాళ్ళ మీద పడి నిజం చెప్పుకోవాలని శివకోడు వెళ్ళాడు.

"పాత మెకానిక్ గారి ఇల్లెక్కడండీ?"

"అలాంటివారు మా ఊళ్ళో లేరండి."

పోలికలు చెప్పి, కిరసనాయిలు డబ్బా సంగతి చెప్పాక, "సూర్యారావు గారాండీ?" అని ఒకాయన ఇల్లు చూపించాడు.

పెంకుటింటి అరుగు మీద ఒకావిడ బియ్యం ఏరుతోంది. ఆయన భార్య అప్పాయమ్మ.

"సూర్యారావు గారున్నారాండీ? అమలాపురం నుంచి వచ్చేనండి. కార్ల షెడ్డు..."

"ఆయన పోయి నెల దాటింది బాబూ. ఆదివారం తెల్లారి లేపితే లెగలేదు." ఆమె చేట పక్కన పెట్టి సతీష్‌ని తేరిపార చూసింది. "కూలర్ కడిగిన అబ్బాయివి నువ్వేనా?"

సతీష్ అరుగు అంచున కూర్చున్నాడు.

"ముందురోజు నీ దగ్గర్నుంచే వచ్చేరు. ఇన్నాళ్ళకి ఒకడు నా మాట విన్నాడే అన్నారు. రెండేళ్ళలో ఎప్పుడూ లేంది, అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. నీ కడుపు చల్లగుండాల నాయనా."

నిజం చెప్పి, ఆమెకి మిగిలిన ఆ కాస్త ఊరటనీ లాక్కోవడానికి సతీష్‌కి మనసొప్పలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అడిగాడు.

"ఆయన ఏ షెడ్డులో చేసేవారండీ?"

"షెడ్డేంటి బాబూ! పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ కొబ్బరికాయలు ఒలిచిన మనిషి," అంది అప్పాయమ్మ. "మా పెద్దాడు ఒకరి దగ్గర డ్రైవరు. రెండేళ్ళ కిందట నీ దగ్గరున్నలాంటి కారే నడుపుతా రోడ్డు మీద పోయేడు. తాగి నడిపేడన్నారు అంతా. మావాడు చుక్క ముట్టడు బాబూ. ఆ కారెందుకు ఆగిందో చెప్పండని ఏడాదిపాటు షెడ్డు షెడ్డుకీ తిరిగి ఆ కూలర్ రజను సంగతొక్కటీ తెలుసుకున్నారు, కార్ల గురించి ఆయనకి ఇంకేం తెలీదు."