తూటాల ధర అడగనివాడు

"మరి తూటాలో?" అంది మర్లీన్.

"తర్వాత చూసుకుంటాలే" అన్నాడు ఎల్డన్.

మర్లీన్ అతన్ని వింతగా చూసింది. సైన్యాలు వదిలించుకున్న పాత రైఫిళ్ళు ఆమె బల్ల మీద గ్రీజు కూడా తుడవకుండా కట్టెల్లా పేర్చి ఉన్నాయి. సంత జరిగిన ప్రతిసారీ ఒహాయో పల్లెల్లో సగం మంది మగాళ్ళు ఈ రేకుల షెడ్డులోనే ఉంటారు. అందరూ ముందు అడిగేది తూటాల సంగతే.

"ఆవుని కొనేవాడు గడ్డి ధర అడుగుతాడు తమ్ముడూ. తుపాకీదేముంది, ఒక్కసారి కొంటావు. తూటాలు బతికినన్నాళ్ళూ కొనాలి. దేనికి తూటాలు చవగ్గా దొరికితే ఆ తుపాకీ తీసుకుంటారు ఎవరైనా."

"ఊరికే, ఖాళీ డబ్బాలు కొట్టుకోడానికి. ఏదైనా పర్లేదు. అన్నిట్లోకీ చవకది ఇవ్వు."

అబద్ధం.

ఉక్కు ఫ్యాక్టరీ మూసేశారు. ఇస్తామన్న పెన్షన్ గాల్లో కలిసింది. ఎల్డన్ తాగొచ్చి ఇంటి తలుపులు పగలగొట్టడం మొదలెట్టాక, భార్య రోడా పిల్లని తీసుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తదు. ఇంట్లో ఉన్న వేట తుపాకీ ఎప్పుడో అమ్ముకు తిన్నాడు.

ఈ సాయంత్రం తర్వాత తనకి ఇంకో సాయంత్రం ఉండకూడదని అనుకునే బయల్దేరాడు. అలాంటివాడికి పెట్టెడు తూటాలెందుకు? ఒక్కటి చాలు, దాని ధర ఎంతైతేనేం.

రష్యా వాళ్ళ పాతదొకటి చేతిలోకి తీసుకున్నాడు.

దాని రెండో కొసని ఎవరో పట్టుకున్నారు.

ముసలాయన. చెవులు కప్పే టోపీ, ఓ చేతిలో కాఫీ కప్పు.

"ఇది వద్దు బాబూ. తూటాని లోపల బిగించే బోల్టు దీనిది కాదు. దాని నంబరు వేరు, దీని నంబరు వేరు."

"పర్లేదు."

"కాలిస్తే నీ మొహం మీదే పేలుద్ది."

"పర్లేదన్నాగా."

ముసలాయన అతని మొహంలోకి చూశాడు. కప్పు బల్ల మీద పెట్టేశాడు.

ఎల్డన్ ఇంకోటి అందుకున్నాడు.

"దీని గొట్టం మూతి అరిగిపోయింది. తూటా ఎటు పోతుందో దానికే తెలీదు."

మరొకటి.

"చెక్క చీలింది."

"పెద్దాయనా," అంది మర్లీన్, "కొంటే కొను, లేకపోతే అటెళ్ళి ఇంత చిక్కుడుగింజల సూపు తాగు. నా నోట్లో మట్టి కొట్టకు."

ఆయన వినిపించుకోలేదు.

"ఎంత దూరం నించి కొడతావు బాబూ?"

"దేన్ని?"

"డబ్బాల్ని."

ఎల్డన్ చేతిలోదాన్ని బల్ల మీద పడేశాడు.

"నీకెందుకు ముసలోడా" అని మొదటిదాన్నే మళ్ళీ లాక్కున్నాడు. అతని జేబుకి అందేది అదొక్కటే.

"అమ్మా, అది నాకియ్యి" అన్నాడు ముసలాయన. మర్లీన్ అడిగేదానికంటే ఎక్కువే బల్ల మీద పెట్టాడు.

మర్లీన్ తుపాకీని ఎల్డన్ చేతుల్లోంచి తీసి అటు ఇచ్చింది. సంతలో మొహమాటాలుండవు.

"కాటికి కాళ్ళు చాపుకున్నావు, నీకెందుకు అది?" ఎల్డన్ అరిచాడు. "ఎదుటివాడి చేతిలోది తన్నుకుపోడానికి సిగ్గులేదూ, ముసలి గద్దా?"

"తిట్టు బాబూ. ఇంకా తిట్టు." తుపాకీ చంకలో పెట్టుకున్నాడు ముసలాయన. "శనివారం మా పొలానికి రా. వాగు మీద వంతెన దాటాక ఎర్రరంగు కొట్టం. దీంతోనే డబ్బాలు కొడదాం. తూటాలు నావి. నువ్వొస్తే చాలు."

"తగలెయ్ నీ పొలాన్ని."

ఆ సాయంత్రం ఎల్డన్ వంటింట్లో కూర్చుని ముసలాయన్ని తిట్టుకున్నాడు. తిట్లు అయిపోతే మళ్ళీ మొదట్నించి అందుకున్నాడు. తిడుతూ తిడుతూ బల్ల మీదే తలవాల్చి నిద్రపోయాడు.

తెల్లారి లేచేసరికి ఆకలేసింది. గుడ్లు వేయించుకున్నాడు.

మనిషిని నిలబెట్టేది ప్రేమేనని చర్చిలో చెబుతారు. ఒక్క రాత్రికైతే కోపం కూడా సరిపోతుంది.

శనివారం వెళ్ళలేదు. సిగ్గేసింది. తర్వాత దాణా మిల్లులో బస్తాలు మోసే పని దొరికింది. మంచు బాగా కురుస్తున్న రోజుల్లో ఒకసారి రోడా ఫోన్ ఎత్తింది. ఏమీ మాట్లాడలేదు గానీ, పిల్లకి ఇచ్చింది.

వసంతంలో మళ్ళీ సంత. ఎల్డన్ తిన్నగా మర్లీన్ బల్ల దగ్గరికొచ్చాడు.

"రష్యావాటికి తూటాల పెట్టె ఎంత?"

"అబ్బో, గడ్డి ధర అడుగుతున్నావే. ఈసారి నిజంగానే డబ్బాలు కొడతావా ఏంటి?"

"కొడతా. తుపాకీ మాత్రం ఆ పెద్దాయన దగ్గరుంది, పొలానికి రమ్మన్నాడు. బండి నిండా ఖాళీ డబ్బాలేసుకొచ్చా."

మర్లీన్ మొహంలో నవ్వు పోయింది.

"ఆ పెద్దాయన, ఆర్విల్, పోయాడు తమ్ముడూ. మంచు కరక్కముందే. గుండె."

ఎల్డన్ తూటాల పెట్టె మీద చెయ్యి అలాగే ఉంచాడు.

"ఆయన సామాను వేలం వేస్తుంటే వెళ్ళాను" అందామె. "గోడ నిండా నా బల్ల మీది తుపాకులే. అన్నీ ఎవడో ఒకడి చేతిలోంచి లాక్కుని కొన్నవే. గ్రీజు కూడా తుడవలేదు. ఇల్లంతా వెతికినా ఒక్క తూటా లేదు."

"తూటాలు నావి అన్నాడే."

"నువ్వెళితే కొనుక్కొచ్చేవాడేమో."

ఆమె గుడ్డ తీసి చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"ఆ గోడ మధ్యలో వాళ్ళబ్బాయి ఫోటో ఉంది. చూడగానే గుర్తుపట్టాను. నా దగ్గర తుపాకీ కొన్న మర్నాడే పోయాడట, ఆర్విల్ చెల్లెలు చెప్పింది." మర్లీన్ గుడ్డని బల్ల మీద పెట్టేసింది.

"డబ్బాలు కొట్టడానికనే చెప్పాడు తమ్ముడూ, వాడూ నన్ను తూటాల ధర అడగలేదు."